శాంక్లీ తరువాత పేస్లీ

విద్యార్థులకు ప్రాణసమానుడైన ఒక ఉపాధ్యాయుడు ఉద్యోగవిరమణ చేసిన మరునాడు ఆ తరగతిలో అడుగుపెట్టు క్రొత్త ఉపాధ్యాయుని అవస్థ ఎట్టిదో మీరెల్లరు ఎరుగుదురు. ఆయన నల్లబల్లపై ఒక లెక్క వేయగానే వెనుక వరుసలో గుసగుసలు బయలుదేరును. "మన పాత మాస్టరుగారు ఈ లెక్కను ఇట్లు చేసెడివారు కారు" అని ఒకడనును. క్రొత్తవాడు నవ్వినను తప్పే, నవ్వకున్నను తప్పే. ఆయన చెప్పునది పాతవారు చెప్పినట్లే ఉన్నచో అనుకరణ యందురు. వేరుగా ఉన్నచో అపచారమందురు. ఇట్టి చిక్కు బడులకే పరిమితము కాదు. ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ చరిత్రలో ఇది పెక్కుమారులు సంభవించినది. ఆ కథలలో మిక్కిలి విశేషమైన దానిని, అనగా లివర్‌పూల్ క్లబ్బు మేనేజరు బాబ్ పేస్లీ కథను, ఈ వ్యాసమున వివరింపదలచితిని.

ముందుగా మేనేజరు అను మాటకు ఆ ఆటలో గల అర్థమును తెలిసికొనవలెను. మన ఊళ్లలో మేనేజరు అనగా కచేరీలో కూర్చుండి కాగితములు చూచు ఉద్యోగి. ఇంగ్లండులో ఫుట్‌బాల్ క్లబ్బు మేనేజరు అట్టివాడు కాడు. ఏ పదునొకండుగురు మైదానమునకు దిగవలెనో నిర్ణయించువాడు అతడే. ఏ ఆటగానిని వేరొక క్లబ్బునుండి తేవలెనో, ఎవనిని విడిచిపుచ్చవలెనో తేల్చువాడును ఆ కాలమున సామాన్యముగా అతడే. జట్టు గెలిచినచో జనులు గోలు కొట్టినవానిని పొగడుదురు. వరుసగా ఓడినచో మేనేజరును తొలగింపుడని కేకలు వేయుదురు. మన దేశమున హైదరాబాదువాసియైన సయ్యద్ అబ్దుల్ రహీం ఇట్టి బాధ్యతనే వహించి, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునందు భారతజట్టును నాల్గవ స్థానమునకును, 1962లో జకార్తా ఆసియా క్రీడలయందు స్వర్ణపతకమునకును నడిపెను. ఆయన మొదట బడిపంతులు. 1963లో ఆయన మరణించిన తరువాత నేటివరకు భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడలలో మరల స్వర్ణము చూడలేదు. గొప్పవాని తరువాత ఏర్పడు శూన్యము ఎంత లోతైనదో చూపుటకు ఈ ఒక్క నిదర్శనము చాలును. ఇక మన కథలోనికి పోదము.

బిల్ శాంక్లీ 1913లో స్కాట్లండు దేశమున గ్లెన్‌బక్ అను బొగ్గుగనుల పల్లెలో జన్మించెను. 1959 డిసెంబరులో ఆయన లివర్‌పూల్ చేరునాటికి ఆ క్లబ్బు రెండవ డివిజనులో పడి మ్రగ్గుచుండెను. మెల్‌వుడ్ అను దాని అభ్యాసమైదానము గడ్డి పెరిగి పాడుపడియుండెను. శాంక్లీ దానిని బాగుచేయించి, జట్టును క్రొత్తగా కట్టి, 1962లో మొదటి డివిజనునకు చేర్చెను. 1964, 1966, 1973 సంవత్సరములలో ఆ జట్టు లీగు విజేత అయ్యెను. 1965లో తన చరిత్రయందు మొదటిసారిగా ఎఫ్.ఏ. కప్పును గెలిచెను. 1973లో యూఫా కప్పు, 1974 మే నెలలో న్యూకాసిల్ జట్టును 3-0 గోళ్లతో ఓడించి మరల ఎఫ్.ఏ. కప్పు దానికి దక్కెను.

ఈ విజయములకన్న శాంక్లీకి ఆ రేవుపట్టణపు ప్రజలతో గల అనుబంధము గొప్పది. ఆయన మాటకారి. ఆయన నోట వచ్చిన వాక్యములను ఓడరేవు కూలీలును, బడిపిల్లలును కంఠస్థము చేసికొనిరి. అభిమానులు వ్రాసిన ఉత్తరములకు తానే టైపుమిషను ముందు కూర్చుండి జవాబులు పంపెడివాడు. జట్టునకు నిలువెల్ల ఎఱ్ఱని దుస్తులు తొడిగించినది ఆయనయే. అట్టివాడు 1974 జూలై 12వ తేదీన, అరువది యేండ్ల వయస్సున, కప్పు గెలిచి రెండు నెలలు దాటిన కొలది దినములకే, పదవి విడుచుచున్నానని ప్రకటించెను. టెలివిజనువారు వీధిలో ఈ వార్త చెప్పగా బాలురు నమ్మజాలక నిలిచిపోయిన దృశ్యములు నేటికిని చలనచిత్రములలో భద్రముగా ఉన్నవి.

అప్పుడు క్లబ్బు పెద్దల మనస్సులో తప్పక మెదలియుండవలసిన ఉదాహరణ ఒకటి ముప్పది అయిదు మైళ్లలోపుననే ఉండెను. అది మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు. అచ్చటి మహామేనేజరు మాట్ బస్బీ 1958 మ్యూనిక్ విమానప్రమాదమున తన జట్టులో ఎనిమిదిమందిని పోగొట్టుకొని, తానును చావు తప్పించుకొని, పది సంవత్సరములలో మరల జట్టును కట్టి 1968లో యూరపు కప్పు గెలిచెను. 1969లో ఆయన తప్పుకొనగా, క్లబ్బులోనే పెరిగిన విల్ఫ్ మెక్‌గినిస్ అను ముప్పదియొక్క యేండ్ల యువకుడు ఆ స్థానమునకు వచ్చెను. కాని బస్బీ క్లబ్బును విడిచిపోలేదు. జనరల్ మేనేజరను పేరుతో అచ్చటనే ఉండెను. నిన్నటివరకు మెక్‌గినిస్‌తో తోటివానివలె మెలగిన ఆటగాండ్రకు అతని ఆజ్ఞ రుచింపలేదు. పైన పెద్దాయన ఉండగా ఈతని మాట చెల్లునా? 1970 డిసెంబరులో అతడు తొలగింపబడెను. పిదప వచ్చిన ఫ్రాంక్ ఒఫారెల్ 1972 డిసెంబరులో పోయెను. 1974లో, అనగా శాంక్లీ విరమించిన యేటనే, మాంచెస్టర్ యునైటెడ్ రెండవ డివిజనునకు దిగజారెను. ఆరేండ్ల క్రితము యూరపు విజేత అయిన జట్టు గతి అది!

లివర్‌పూల్ పెద్దలు బయటినుండి పేరుమోసినవానిని తేలేదు. శాంక్లీ ప్రక్కన పదునాలుగేండ్లు పనిచేసిన అనుచరుని పిలిచి, నీవే మేనేజరవు కమ్మనిరి. అతడే బాబ్ పేస్లీ. అప్పటికి ఆయన వయస్సు ఏబదియైదు. ఆయనకు ఈ పదవి వలదు. శాంక్లీని ఆపుటకు ఆయనయు మిగిలినవారివలెనే ప్రయత్నించి విఫలుడయ్యెను. 1974 జూలై 26న నియామకము ప్రకటింపబడెను. ఆటగాండ్రను సమావేశపరచినపుడు, తాను కోరి వచ్చినవాడను కానని, విధి లేక ఒప్పుకొంటినని ఆయన దాపరికము లేక చెప్పివేసెను. ఏలికయగువాడు మొదటి దినముననే పలుకదగిన మాటయా ఇది? సామాన్యముగా కాదు. కాని ఆ మాట వినిన ఆటగాండ్రు అతనిని అపహసింపలేదు. ఎందుకనగా ఆ మనిషి ఎవరో వారికి తెలియును.

పేస్లీ 1919 జనవరి 23న ఇంగ్లండునకు ఉత్తరమున డర్హం మండలములో హెటన్-లె-హోల్ అను గనిపల్లెలో జన్మించెను. తండ్రి బొగ్గుగని కార్మికుడు. కుమారుడు చిన్నతనముననే తాపీపనిలో కుదురుకొనెను. బిషప్ ఆక్లండ్ అను ఔత్సాహిక జట్టులో ఆడి 1939లో లివర్‌పూల్ చేరెను. ఆ యేడే యుద్ధము వచ్చెను. ఫిరంగిదళములో చేరి ఉత్తర ఆఫ్రికా ఎడారులయందును, ఇటలీలోను పోరాడి, 1944లో మిత్రసేనలతో రోము నగరమున ప్రవేశించెను. ఆరేడు సంవత్సరములు ఆ విధముగా పోయినవి. యుద్ధానంతరము హాఫ్‌బ్యాకుగా ఆడి 1946-47లో లీగు గెలిచిన జట్టులో సభ్యుడయ్యెను.

ఆయన జీవితమున 1950వ సంవత్సరము ముఖ్యమైనది. ఎఫ్.ఏ. కప్పు సెమీఫైనలులో, అదియు ఒకే ఊరివారైన ఎవర్టన్ జట్టుపై, పేస్లీ గోలు కొట్టి తన జట్టును ఫైనలునకు చేర్చెను. ఫైనలు జట్టు ప్రకటింపబడినపుడు అందు ఆయన పేరు లేదు! ఆ ఆటలో లివర్‌పూల్ ఆర్సెనల్ చేతిలో 2-0 తో ఓడెను. ప్రేక్షకుడై కూర్చుండి దానిని చూచిన ఆయన క్లబ్బును విడిచిపోవుటకు సిద్ధపడెను, కాని పోలేదు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. తరువాత దీనితో పని కలదు.

1954లో ఆట మానిన పిదప ఆయన తపాలా మూలమున పాఠములు తెప్పించుకొని అంగమర్దనచికిత్స చదివెను. రిజర్వు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆటగాడు నడచు తీరు చూచి, అతడు చెప్పకమునుపే, ఏ కీలులో నొప్పి కలదో కనిపెట్టగల నేర్పు ఆయనకు అలవడెను. ఆయనకు గుఱ్ఱపు పందెములపై మక్కువ ఎక్కువ. గుఱ్ఱపు నడకను చూచిన కన్నులతోనే ఆటగాని నడకను చూచెడివాడని చెప్పుదురు. శాంక్లీ వచ్చినపుడు, క్రొత్త మేనేజర్లు సామాన్యముగా చేయునట్లు పాత సిబ్బందిని తొలగింపక, పేస్లీ, జో ఫాగన్, రూబెన్ బెనెట్ అను మువ్వురిని అట్లే ఉంచుకొనెను. శాంక్లీ చేసిన పనులలో ఇంతకన్న మంచిపని లేదని నా అభిప్రాయము.

ఆన్‌ఫీల్డ్ క్రీడాంగణమున ప్రేక్షకుల మేడ క్రింద బూట్లు తుడిచి తగిలించు చిన్నగది యొకటి ఉండెను. దానిని బూట్ల గది అనిరి. కుర్చీలు లేవు, తలక్రిందులు చేసిన పెట్టెలే ఆసనములు. ఆట ముగిసిన పిదప ఈ శిక్షకులు అచ్చట కూడి, ఎవడు మందగించెను, ఎవడు పుంజుకొనెను, ప్రత్యర్థి మనకు నేర్పినదేమి అని ముచ్చటించుకొనెడివారు. ప్రతిదినము అభ్యాసమున ఏమి చేయించిరో, ఎవరికి ఏ గాయము తగిలెనో పుస్తకములలో వ్రాసి ఉంచిరి. తరువాతి యేట అట్టి గాయమే కలిగినచో పాత పుటలు త్రిప్పి కారణము వెదకెడివారు. శాంక్లీ వాగ్ధాటి ఊరెల్ల వినబడెను గాని, ఈ గదిలోని గుసగుస ఎవరికిని వినబడలేదు.

1973 నవంబరులో జరిగిన సంగతి యొకటి చెప్పవలెను. యుగోస్లావియాకు చెందిన రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్ జట్టు యూరపు కప్పులో లివర్‌పూల్‌ను రెండు ఆటలలోను 2-1 గా ఓడించెను. ఆ జట్టు రక్షకులు బంతిని గుడ్డిగా దూరమునకు తన్నక, ఓపికతో ఒకరికొకరు అందించుకొనుచు ముందునకు సాగిరి. బూట్ల గదివారు దీనిపై తర్జనభర్జన చేసిరి. వెనుక నిలుచువాడు ఎత్తరియు, బలశాలియు అయినంతమాత్రమున చాలదు, బంతితో ఆడనేర్చినవాడు కావలెనని వారికి తోచెను. ఫిల్ థాంప్సన్ అను సన్నని యువకుడు నడిమి రక్షణకు వచ్చుట శాంక్లీ కాలపు చివరి మాసములలోనే జరిగెను. ఈ పాఠమును పూర్తిగా ఆచరణలో పెట్టు భారము మాత్రము పేస్లీపై పడెను.

ఇప్పుడు 1974 ఆగస్టు 10వ తేదీకి వత్తము. లండనులోని వెంబ్లీ మైదానమున చారిటీ షీల్డు ఆట. లివర్‌పూల్ జట్టును చివరిసారిగా నడిపించుకొని వచ్చినవాడు శాంక్లీయే. ఎదుటి జట్టు లీడ్స్ యునైటెడ్. దాని చరిత్రయు ఇట్టిదే! పదమూడేండ్లు దానిని ఏలిన డాన్ రెవీ ఆ వేసవిలోనే ఇంగ్లండు జాతీయజట్టు మేనేజరై పోయెను. ఆయన స్థానమున వచ్చిన బ్రయన్ క్లఫ్ లీడ్స్ జట్టు ముందు నడచి వచ్చెను. ఇట్లు ఒకే దినమున, ఒకే గడ్డిపై, మహామేనేజరులను కోల్పోయిన రెండు జట్లు తలపడినవి. ఆట 1-1 గా ముగియగా పెనాల్టీలలో లివర్‌పూల్ గెలిచెను. మధ్యలో లివర్‌పూల్‌వాడు కెవిన్ కీగన్, లీడ్స్ నాయకుడు బిల్లీ బ్రెమ్నర్ కొట్టుకొని మైదానమునుండి వెడలగొట్టబడిరి.

క్లఫ్ అసమర్థుడా? కాడు. 1972లో డెర్బీ కౌంటీ అను సామాన్య క్లబ్బును లీగు విజేతగా చేసినవాడు. తరువాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టుతో 1979, 1980 సంవత్సరములలో యూరపు కప్పు రెండుమారులు గెలిచినవాడు. మేధావులలో మేధావి. కాని లీడ్స్‌లో అడుగుపెట్టినంతనే, మీరు గెలిచిన పతకములు న్యాయముగా గెలిచినవి కావు, వానిని చెత్తబుట్టలో పారవేయుడని ఆ ఆటగాండ్రతో పలికెను. రెవీ కట్టిన ఇంటిని పునాదితో పెకలింప బూనెను. 44 దినములలో ఆయన ఉద్యోగము ఊడెను. మెక్‌గినిస్ పెద్దాయన నీడలో అణగిపోయెను. క్లఫ్ ఆ నీడను గొడ్డలితో నరకబోయి తానే గాయపడెను. పేస్లీకి ఈ రెండు దారులును మూసికొనిపోయి మూడవది ఏదైన కలదా అని వెదకుకొనవలసి వచ్చెను.

ఆయన మొదట ఎదుర్కొన్న చిక్కు మిక్కిలి సున్నితమైనది. పని విడిచిన శాంక్లీకి ఇంటిలో ప్రొద్దు పోలేదు. ఆయన ఇల్లు మెల్‌వుడ్ మైదానమునకు సమీపముననే ఉండెను. ఉదయమే దుస్తులు మార్చుకొని అభ్యాసమునకు వచ్చుచుండెను. ఆటగాండ్రు అలవాటు చొప్పున ఆయనను "బాస్" అని పిలిచిరి. పేస్లీని మాత్రము "బాబ్" అనిరి. ఇద్దరు యజమానులున్న ఇంటిలో పని సాగునా? శాంక్లీ రాకవలన ఇబ్బంది కలుగుచున్నదను సంగతి క్రమముగా ఆయనకే తెలిసివచ్చెను. ఆయన మెల్‌వుడ్‌కు పోవుట మానెను. అదే ఊరిలో ప్రత్యర్థియైన ఎవర్టన్ క్లబ్బు మైదానమునకు పోవుట మొదలిడెను. 1976లో వెలువడిన తన ఆత్మకథలో, ఇతర క్లబ్బులు తన్ను ఆదరించినంతగా తన క్లబ్బు ఆదరింపలేదని ఆయన వాపోయెను.

ఈ విషయమున తప్పెవరిది? నేను పలుమారులు ఆలోచించితిని. బస్బీకి క్లబ్బులో పీట వేసిన మాంచెస్టర్‌వారు ఆయన వారసులను కోల్పోయిరి. శాంక్లీకి పీట వేయని లివర్‌పూల్‌వారు ఆయన మనస్సును గాయపరచిరి. 1950లో ఫైనలు జట్టున తన పేరు లేకపోవుట చూచిన పేస్లీకి, తాను ప్రేమించిన ఆటనుండి త్రోయబడుట ఎట్టి వేదనయో తెలియక కాదు. తెలిసియే ఆయన ఊరకుండెను. జట్టు నిలువవలెనన్న అంతకన్న వేరుదారి లేదు. ఐనను ఆ ముసలివాని పట్ల ఇంకొంచెము మృదువుగా ప్రవర్తించియుండవచ్చునని నాకు తోచును. పేస్లీ విజయములను లెక్కించునపుడు ఈ పద్దును ఖర్చుల వైపున వ్రాసికొనవలసియున్నది.

మొదటి యేడు లీగులో రెండవ స్థానము. ఆ కాలమున మొదటి డివిజనులో 22 జట్లు ఉండెను; ప్రతి జట్టు 42 ఆటలు ఆడవలెను; గెలిచిన ఆటకు 2 పాయింట్లు, సమమైనదానికి 1. డెర్బీ కౌంటీకి 53 పాయింట్లు రాగా లివర్‌పూల్‌కు 51 వచ్చినవి. పెద్ద బహుమతి ఏదియు దక్కలేదు. శాంక్లీ ఉన్నచో గెలిచియుందుమని జనులు అనుకొనుట సహజము. పేస్లీ పత్రికలవారికి జవాబు చెప్పుటలో నేర్పరి కాడు. మాట్లాడుచుండగా పేర్లు గుర్తు రాక "అది, అదే, అతడు" అని తడబడెడివాడు. శాంక్లీ మాటలకు అలవాటుపడిన చెవులకు ఆ నత్తిపలుకులు వెలవెలబోయినట్లు తోచెను.

కాని ఆ యేడే ఆయన చడీచప్పుడు లేక కొన్ని పనులు చేసెను. నాల్గవ డివిజనులోని నార్తాంప్టన్ క్లబ్బునుండి ఫిల్ నీల్ అను అనామకుని తెచ్చెను. నీల్ తరువాత 1977, 1978, 1981, 1984 యూరపు కప్పు విజయములు నాలుగింటను ఆడిన ఏకైక లివర్‌పూల్ ఆటగాడయ్యెను. రే కెన్నెడీ కథ ఇంకను రసవంతమైనది. అతడు శాంక్లీ కొనిన చివరి ఆటగాడు. ఆర్సెనల్ జట్టులో గోళ్లు కొట్టు ఫార్వర్డుగా పేరు పొందినవాడు. లివర్‌పూల్ వచ్చి, స్థూలకాయుడై, వేగము తగ్గి, రిజర్వు జట్టులో పడెను. మరియొక మేనేజరైనచో వానిని అమ్మివేసెడివాడు. పేస్లీ అతనిని వెనుకకు జరిపి, ఎడమవైపు నడిమి వరుసలో నిలిపెను. అచ్చట పరుగుకన్న చూపు ముఖ్యము. కెన్నెడీకి ఆ చూపు కలదు. అతడు ఇంగ్లండు జాతీయజట్టులో స్థానము సంపాదించెను. వంటలో మాడినదనుకొన్న పదార్థమును వేరొక పాత్రలోనికి మార్చి రుచిగా దింపిన గృహిణి నేర్పువంటిది ఇది.

రెండవ యేడు కథ మారెను. 1976 మే 4న వుల్వర్‌హాంప్టన్ మైదానమున చివరి లీగు ఆట. లివర్‌పూల్ ఓడినచో బహుమతి లండనులోని క్వీన్స్ పార్క్ రేంజర్సు జట్టుది. ఆట ముగియుటకు పావుగంట ఉన్నంతవరకు లివర్‌పూల్ ఒక గోలు వెనుకబడియే ఉండెను. అప్పుడు కీగన్, టోషాక్, కెన్నెడీ ఒకరి తరువాత ఒకరు గోళ్లు కొట్టిరి. 60 పాయింట్లతో లివర్‌పూల్ గెలిచెను, రేంజర్సునకు 59. అదే నెలలో బెల్జియమునకు చెందిన బ్రూజ్ జట్టును ఓడించి యూఫా కప్పును గెలిచిరి.

1977లో లీగు మరల దక్కెను. మే 21న ఎఫ్.ఏ. కప్పు ఫైనలులో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 2-1 తో ఓటమి. నాలుగు దినములకే రోము నగరమున యూరపు కప్పు ఫైనలు. ఓటమి బరువుతో అంతదూరము పోయి జర్మనీవారైన బొరుసియా మన్‌షెన్‌గ్లాడ్‌బాక్ జట్టును 3-1 గోళ్లతో జయించిరి. మెక్‌డెర్మట్ ఒకటి, నీల్ పెనాల్టీపై ఒకటి కొట్టిరి. నడిమి గోలు కొట్టినవాడు టామీ స్మిత్. థాంప్సన్ గాయపడుటచే జట్టులోనికి వచ్చిన ముప్పదిరెండేండ్ల పాతకాపు. శాంక్లీ పదునైదేండ్లు ఆశించినను ఆయనకు అందని కప్పు అది. సైనికుడై 1944లో చూచిన నగరమున పేస్లీ దానిని అందుకొనెను. ఆ రాత్రి విందులో అందరును త్రాగి ఆడిపాడుచుండగా, ఈ సంతోషమును తెలివితో అనుభవింపగోరి ఆయన చుక్కయైనను ముట్టలేదని చెప్పుదురు.

ఇంతటితో కథ ముగిసినచో పేస్లీని శాంక్లీ ఆస్తిని తిని బ్రతికిన వారసుడనవచ్చును. అట్లు అన్నవారును కలరు. దీనిని లెక్క వేసి చూతము. శాంక్లీ చివరి ఫైనలున, అనగా 1974లో ఆడిన పదునొకండుగురిలో ఆరుగురు 1977లో రోమునందు ఆడిరి: క్లెమెన్స్, స్మిత్, హ్యూస్, కీగన్, హైవే, కాలహాన్. మరి 1981లో పారిస్ నగరమున రియల్ మాడ్రిడ్‌ను 1-0 తో ఓడించి మూడవమారు యూరపు కప్పు గెలిచిన జట్టులో వారెందరు? క్లెమెన్స్, థాంప్సన్ అను ఇద్దరే. రోములో ఆడినవారిలోనైనను పారిస్‌లో ఆటారంభమున నిలిచినవారు నలుగురే. కనుక పేస్లీ ఏడేండ్లలో ఒక జట్టును పూర్తిగా విప్పి మరియొక జట్టును కట్టెను. విప్పుచున్నట్లు బయటివారికి తెలియలేదు. అదియే అందలి విశేషము.

1977 వేసవిలో కీగన్ జర్మనీలోని హాంబర్గు క్లబ్బునకు పోయినపుడు ఊరంతయు దిగులుపడెను. వచ్చిన సొమ్ము 5 లక్షల పౌండ్లు. పేస్లీ అందులో 4 లక్షల 40 వేలు వెచ్చించి స్కాట్లండునుండి కెనీ డాల్‌గ్లిష్‌ను తెచ్చెను. మరుసటి యేడు వెంబ్లీలో యూరపు కప్పు ఫైనలున ఏకైక గోలు కొట్టినవాడు ఆ డాల్‌గ్లిషే. అలన్ హాన్సెన్, గ్రేమ్ సూనెస్ కూడ ఆ కాలముననే వచ్చిరి. 1978-79లో ఈ జట్టు 42 ఆటలలో 85 గోళ్లు కొట్టి 16 మాత్రమే ఇచ్చెను. స్వంత మైదానమున 21 ఆటలలో వారిపై పడినవి నాలుగే గోళ్లు. రెడ్ స్టార్ నేర్పిన పాఠము ఎట్లు ఫలించెనో దీనివలన తెలియును.

ఆయన మెత్తనివాడని భ్రమపడవలదు. అల్లిన స్వెట్టరు, పాదములకు చెప్పులు, పొరుగింటి తాతవంటి ముఖము. కాని ఆటగాని కాలము తీరెనని కనిపెట్టినచో ఎంత ప్రియమైనవానినైనను ప్రక్కన పెట్టెడివాడు. 1981 డిసెంబరు 26న స్వంత మైదానమున మాంచెస్టర్ సిటీ చేతిలో 3-1 తో ఓడి లివర్‌పూల్ పండ్రెండవ స్థానమున ఉండెను. పేస్లీ థాంప్సన్ వద్దనుండి నాయకత్వమును తీసి సూనెస్‌కు ఇచ్చెను. థాంప్సన్ ఆ ఊరి బిడ్డ, క్లబ్బే ప్రాణముగా పెరిగినవాడు, మిక్కిలి నొచ్చుకొనెను. ఆ యేడు వసంతము ముగియునాటికి లివర్‌పూల్ మరల లీగు విజేత.

శాంక్లీ దీనిని చూడలేదు. 1981 సెప్టెంబరు 29న ఆయన గుండెజబ్బుతో కన్నుమూసెను. మరుసటి యేడు ఆయన పేర ఆన్‌ఫీల్డ్‌లో ఇనుపద్వారములు నెలకొల్పిరి.

పేస్లీ 1983లో విరమించెను. తొమ్మిది ఋతువులలో ఆరు లీగు బిరుదులు, మూడు యూరపు కప్పులు, ఒక యూఫా కప్పు, మూడు లీగు కప్పులు. ఎఫ్.ఏ. కప్పు మాత్రము ఆటగానిగను, మేనేజరుగను ఆయనకు దక్కలేదు. మూడు యూరపు కప్పులు గెలిచిన మొదటి మేనేజరు ఆయనయే. ఆ సంఖ్యను మరియొకరు అందుకొనుటకు 2014 వరకు పట్టెను. ఆ యేట ఇటలీవాడైన కార్లో ఆన్సెలోటి మూడవది గెలిచెను, తరువాత మించిపోయెను. 1983లో లీగు కప్పు ఫైనలు గెలిచినపుడు, సూనెస్ తాను ముందుకు పోక, మెట్లెక్కి కప్పు అందుకొమ్మని పేస్లీని పంపెను. వెంబ్లీలో మేనేజరు స్వయముగా కప్పు అందుకొనుట అదియే మొదలు.

పేస్లీ తరువాత ఎవరు? బూట్ల గదిలోనుండియే జో ఫాగన్ వచ్చి, మొదటి యేడే లీగును, లీగు కప్పును, యూరపు కప్పును గెలిచెను. 1985లో డాల్‌గ్లిష్ ఆటగాడుగా ఉండియే మేనేజరయ్యెను. అతనికి పేస్లీ కొంతకాలము సలహాదారుగా ప్రక్కన కూర్చుండెను. పిలిచినపుడు వచ్చి, అడిగినదానికి చెప్పి పోవుచుండెను. శాంక్లీకి దొరకని పీట ఆయనకు దొరికెను. మాంచెస్టర్ యునైటెడ్‌లో మాత్రము పాత కథయే పునరావృత్తమయ్యెను: అలెక్స్ ఫెర్గుసన్ 2013లో విరమింపగా, ఆరేండ్ల ఒప్పందముతో వచ్చిన డేవిడ్ మోయెస్ పది నెలలకే తొలగింపబడెను.

పేస్లీ కడపటి సంవత్సరములలో మతిమరపు రోగముచే పీడితుడై 1996 ఫిబ్రవరి 14న మరణించెను. ఆన్‌ఫీల్డ్ వెలుపల శాంక్లీ విగ్రహము 1997నుండి కలదు. చేతులు చాచి జనులను పలుకరించుచున్నట్లు ఉండును. పేస్లీ విగ్రహము 2020లో వెలసెను. అందు కప్పు లేదు, మెట్లు లేవు. 1968 ఏప్రిలులో టోటెన్‌హాంతో జరిగిన ఆటలో ఎమ్లిన్ హ్యూస్ అను ఇరువది యేండ్ల ఆటగాడు గాయపడగా, అప్పటికి సామాన్య శిక్షకుడైన పేస్లీ వానిని వీపునకెత్తుకొని మైదానమునుండి మోసికొని పోవుచుండిన ఛాయాచిత్రమొకటి కలదు. దానినే కంచులో పోతపోసిరి. తొమ్మిదేండ్ల తరువాత రోములో జట్టు నాయకుడై కప్పును పైకెత్తినవాడు ఆ మోయబడిన హ్యూసే.